సగం మొహం ఎవరిదో నాకు తెలుసు

మా ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని, ఇప్పుడు ఆఫీసు నడుపుతున్న శైలజ ఆమధ్య నన్ను పిలిచింది. వెళ్ళాను. నేను మాట్లాడుతున్నంతసేపూ వాళ్ళు తలలు వంచుకుని ఫోన్లలో ఏవో కొట్టుకుంటున్నారు. నా మాటలే రాసుకుంటున్నారో, మధ్యాహ్నానికి బిర్యానీ చెప్పుకుంటున్నారో నాకు తెలియలేదు. బిర్యానీ మాత్రం వచ్చింది. అందుకని ఇంటికొచ్చాక కాగితాలు ముందేసుకున్నాను. చెప్పింది చెవిన పడకపోయినా రాసింది ఎప్పుడో ఒకప్పుడు కంట పడుతుంది కదా.

నా పేరు ప్రమీల. వెంగళరావు నగర్‌లో ఉంటాను. ఉద్యోగం చేసినంత కాలం ఫిల్మ్ నగర్ ఎత్తు మీద, ఒక టిఫిన్ సెంటర్ పైన ఉన్న చిన్న ఆఫీసులోనే చేశాను. కింద పెనం మీద అట్టు పడితే పైన మాకు చుయ్యిమని వినిపించేది. ఎవరైనా ఒక మనిషిని పనిలో పెట్టుకోబోయే ముందు ఆ మనిషి గురించి కనుక్కుని చెప్పడం మా పని. సినిమా కంపెనీలకు మేనేజర్లు, అకౌంటెంట్లు, కాస్ట్యూమ్ అసిస్టెంట్లు. జూబ్లీహిల్స్ ఇళ్ళకు వంటవాళ్ళు, డ్రైవర్లు. ఇప్పుడు దీన్ని బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ అంటున్నారు. మేము వాకబు అనేవాళ్ళం.

తిట్టిన నోరు, పొగిడిన నోరు

నేను చేరిన కొత్తలో ఫిల్మ్ నగర్‌లో దరఖాస్తు పెట్టి ఉద్యోగం అడగడం ఎవరికీ తెలియదు. మనిషి వచ్చి గుమ్మంలో నిలబడేవాడు. "ఎవరి దగ్గర చేశావు?" అని అడిగేవారు. ఫలానా కెమెరామన్ దగ్గరనో, ఫలానా కంపెనీలోననో చెప్పేవాడు. ఆ ఫలానా వారికి మేము ఫోన్ చేసేవాళ్ళం. దొరక్కపోతే నడిచి వెళ్ళేవాళ్ళం. ఆ కొండ మీద అన్ని ఆఫీసులూ దగ్గర దగ్గరే. ఎక్కేటప్పుడు ఆయాసం, దిగేటప్పుడు మోకాళ్ళ నొప్పి తప్పితే వేరే ఇబ్బంది లేదు.

మా యజమాని సూర్యం గారు. తెనాలి వైపు మనిషి. సినిమా మద్రాసులో ఉన్నప్పుడు ప్రొడక్షన్ మేనేజరుగా చేసి, పరిశ్రమతో పాటే హైదరాబాదు వచ్చేశారు. ఎవరు ఎలాంటివాళ్ళో ఆయనకు కొట్టినపిండి. "ఎలాగూ అందరూ నన్నే అడుగుతున్నారు, బోర్డు కట్టుకుని కూర్చుంటే పోలా" అని ఈ ఆఫీసు పెట్టారు. ఆయనది లావుపాటి నల్ల ఫ్రేము కళ్ళజోడు. ఎడమవైపు బందు విరిగితే దానికి ఎర్రదారం చుట్టి అదే పెట్టుకునేవారు. కొత్తది కొనుక్కోండి సార్ అంటే, "దీనికి నా ముక్కు అలవాటైపోయిందమ్మా, ఇప్పుడు దాన్ని ఇబ్బంది పెట్టడం ఎందుకు" అనేవారు. ఆ ఎర్రదారం గుర్తుంచుకోండి, దానితో తర్వాత పనుంది.

నాకు పని నేర్పింది ఆయనే. కూర్చోబెట్టి పాఠం చెప్పి కాదు, నేను పొరపాటు పడబోతుంటే చూసి నవ్వి.

ఒకసారి ఒక నటుడి ఇంటికి వంటమనిషి కావాలన్నారు. ఒకావిడ వచ్చింది. అంతకుముందు ఆమె చేసిన ఇంటికి ఫోన్ చేశాను. ఆ ఇంటావిడ ఎత్తుకోవడమే తిట్లతో ఎత్తుకుంది. పులుసులో చింతపండు ఎక్కువట, మాటకు మాట ఎదురు చెబుతుందట, వంట చేస్తూ పాటలు పాడుతుందట, పండగ వస్తే చెప్పకుండా ఊరెళ్ళిపోతుందట. నేను చెవి నొప్పి పుట్టేదాకా విని, పనికిరాదని తేల్చేసి సూర్యం గారికి చెప్పాను.

"ఎంతసేపు తిట్టిందమ్మా?" అన్నారు.

"చాలాసేపండీ. నేను పెట్టేస్తానన్నా వదల్లేదు."

"పనికిరాని మనిషిని అంతసేపు ఎవరు తిడతారు? వదులుకోలేక తిడుతోంది. ఆవిణ్ణే ఇప్పించు."

ఇప్పించాం. వారం తిరక్కుండా ఆ పాత ఇంటావిడే ఫోన్ చేసి, "మా మనిషిని మాకు పంపించేయండి, చింతపండు ఎంతైనా వేసుకోనీండి" అని అడిగింది.

ఇంకో కేసులో అంతా తలకిందులు. ఒక కాస్ట్యూమ్ అసిస్టెంటు గురించి అతని పాత మేనేజరును అడిగితే, "బంగారమండీ. అలాంటి కుర్రాడు మళ్ళీ దొరకడు. ఈ రోజే చేర్చుకోండి" అన్నాడు. నేను సంతోషంగా చెబితే సూర్యం గారు కళ్ళజోడు పైనుంచి చూశారు. "బంగారాన్ని ఎవడైనా ఈ రోజే తీసుకుపొమ్మంటాడా?" అన్నారు. అప్పటికే కంపెనీవాళ్ళు అతణ్ణి చేర్చుకున్నారు. తర్వాత తెలిసింది, హీరో వేసుకునే షేర్వాణీలను ఈ బంగారం బోరబండలో పెళ్ళికొడుకులకు అద్దెకిస్తున్నాడని. షూటింగ్ రోజున షేర్వాణీ జేబులోంచి అక్షింతలు రాలాయి.

కాబట్టి పిల్లలూ, మనిషి మంచివాడా అని ఎప్పుడూ అడగకండి. "మళ్ళీ వస్తానంటే పెట్టుకుంటారా?" అని అడగండి. జవాబు కన్నా ముందు వచ్చే ఆ కాస్త నిశ్శబ్దాన్ని వినండి. అందులో సగం సంగతి ఉంటుంది.

సూర్యం గారిది ఇంకో నియమం ఉండేది. "కాదని చెప్పు, ఎందుకో చెప్పకు." పని దొరకని మనిషికి కారణం చెప్పకూడదు. ఎందుకంటే ఒకసారి ఒక టైలరు నమ్మకంతో మాకు చెప్పిన మాట బయటికి పొక్కి, అతని కొట్టు ముందు పెద్ద గొడవైంది. నిజం చెప్పినవాణ్ణి మనం కాపాడకపోతే రేపు ఎవరూ నిజం చెప్పరని సార్ వాదన. ఆ నియమాన్ని నేను చాలా ఏళ్ళు తు.చ. తప్పకుండా పాటించాను. ఎప్పుడు మానేశానో చెబుతాను.

పోలీస్ స్టేషన్ బోర్డు

సినిమాలో పోలీస్ స్టేషన్ సీన్ చూసే ఉంటారు. ఇన్‌స్పెక్టరు వెనక గోడ మీద ఒక బోర్డు, దాని మీద పాత నేరస్థుల ఫోటోలు ఉంటాయి. ఆ మొహాలు ఎవరివో ఎప్పుడైనా ఆలోచించారా? నిజం దొంగలవి పెట్టకూడదు కదా. ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌వాళ్ళు సెట్లో ఎవరు చేతికందితే వాళ్ళను గోడ ముందు నిలబెట్టి ఫోటో తీసేవారు. టీ ఇచ్చే మనిషి, లైట్‌మన్, ఎడిటింగ్ రూములో కళ్ళు వాచిపోయిన అసిస్టెంటు. కింద ఏదో ఒక నేరం రాసేవారు. రాయించుకున్నవాళ్ళు దాన్ని చూసి పడీపడీ నవ్వుకునేవారు.

మొహాలు చాలకపోతే మా మెట్లెక్కి వచ్చేవారు. సూర్యం గారికి అదొక సరదా. ఆర్ట్‌వాళ్ళ అడుగుల చప్పుడు వింటే చాలు, జుట్టు చెరుపుకుని, పై గుండీ విప్పుకుని సిద్ధంగా కూర్చునేవారు. ఇన్నేళ్ళ సర్వీసులో తెర మీద ఆయన మొహం పడింది దొంగగానే. కొత్త సినిమా రాగానే ఇంటిల్లిపాదినీ తీసుకెళ్ళి, పోలీస్ స్టేషన్ సీన్ రాగానే "అదిగో, ఎడమ నుంచి రెండోవాణ్ణి నేనే" అని చెప్పేవారట. కూతురు శైలజకు చిన్నప్పుడు దాంతో తల కొట్టేసినట్టుండేదట.

నన్ను కూడా అడిగారు ఒకసారి. దొంగగా కాదు, హీరో చనిపోయిన తల్లిగా, దండ వేసిన ఫోటోకి. మా అమ్మ బతికుండగా నా ఫోటోకు దండ వేస్తే ఆవిడ చర్చిలో ప్రార్థన ఆపి మరీ నన్ను తంతుందని చెప్పి తప్పించుకున్నాను. "తల్లి పాత్ర వదులుకున్నావు, ఇక నీకు ఈ పరిశ్రమలో భవిష్యత్తు లేదు ప్రమీలా" అని సార్ ఏడిపించారు. ఆ రోజుల్లో ఫోటో అంటే అంతే. సినిమా ఆడినన్నాళ్ళు ఆడేది, తర్వాత బోర్డు గోడౌన్‌లో చెదలు పట్టేది. అది బోర్డు దిగి ఊరి మీద పడుతుందని ఎవరనుకున్నారు?

చేతిలో ఫోన్ వచ్చాక

సూర్యం గారు గుండెపోటుతో పోయారు. ఆఫీసు ఆయన కూతురు శైలజ చేతికి వచ్చింది. బంజారాహిల్స్‌లో మంచి ఉద్యోగం వదులుకుని వచ్చింది. తండ్రి కష్టాన్ని మూతపడనివ్వకూడదని వచ్చిందని నాకు తెలుసు, అందుకే ఆమె ఏం చేసినా నాకు ముద్దుగానే ఉండేది. కంప్యూటర్లు పెట్టించింది, కుర్రాళ్ళను చేర్చుకుంది. మనిషి పేరు కొడితే అతని పుట్టుపూర్వోత్తరాలు తెర మీదికి వచ్చేవి. నడవాల్సిన పని తప్పింది. నా మోకాళ్ళు ఆమెకు ఇప్పటికీ రుణపడి ఉన్నాయి.

కానీ కొన్ని సంగతులు నాకు మింగుడు పడలేదు. ఒక నిర్మాత ఆఫీసుకు అకౌంట్స్ చూసే అమ్మాయి కావాలన్నారు. చక్కటి పిల్ల దొరికింది, లెక్కల్లో దిట్ట. వాళ్ళ మేనేజరు నాకు ఫోన్ చేసి గొంతు తగ్గించి, "మేడమ్, ఆ అమ్మాయి రీల్స్ చూశారా? డాన్సులు చేస్తోందండీ" అన్నాడు.

"మీరు తీసే సినిమాల్లో ఏం చేస్తారండీ, భజనా?" అన్నాను.

ఆయనకు కోపం వచ్చింది. ఆ అమ్మాయికి ఉద్యోగం రాలేదు. ఒక క్లయింటు పోయాడని శైలజ నా మీద రెండు రోజులు అలిగింది. అయినా నా అభిప్రాయం మారలేదు. ఒక మనిషి ఇంట్లో ఎలా డాన్సు చేస్తుంది, ఏ గుడికో చర్చికో మసీదుకో పోతుంది, ఎవరితో ఫోటో దిగింది అన్నవి మన పని కాదు. అవి కళ్ళ ముందు ఉన్నాయి కదా అని చూడకండి. పక్కింటి కిటికీ తెరిచి ఉన్నా చూపు తిప్పుకుని పోతాం, ఇదీ అంతే.

ఇంకో మాట. ప్రస్తుతం చేస్తున్న చోటికి, ఆ మనిషిని అడగకుండా ఫోన్ చేయకండి. మా దగ్గర కొత్త కుర్రాడొకడు ఉత్సాహం కొద్దీ చేసేశాడు. ఒక సౌండ్ ఇంజనీరు ఉద్యోగం మారాలనుకుంటున్నాడని అతని యజమానికి అలా తెలిసింది. సాయంత్రానికి అక్కడ మానిపించారు, ఇక్కడ ఇంకా ఖాయం కాలేదు. రెంటికీ చెడ్డ రేవడి అయ్యాడు పాపం. శైలజ తనే నాలుగు స్టూడియోలు తిరిగి అతనికి పని వెతికి పెట్టింది. ఆ విషయంలో ఆమె అచ్చు తండ్రి బిడ్డే.

యాదగిరి

నేను ఉద్యోగం నుంచి దిగిపోయే ముందు వచ్చిన కేసు ఇది. నాకు పనేమిటో తెలిసింది దీంతోనే అనిపిస్తుంది.

జూబ్లీహిల్స్‌లో ఒక స్కూలుకు బస్సు డ్రైవరు కావాలి. యాదగిరి అనే అతను దరఖాస్తు చేశాడు. మోతీనగర్ పక్క బస్తీలో ఉంటాడు. అంతకుముందు చాలా ఏళ్ళు ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో వ్యాన్ నడిపాడు. షూటింగులు పలచబడి, కంపెనీ వ్యాన్ అమ్మేస్తే బయట పనులు వెతుక్కుంటున్నాడు. లైసెన్సు సరిగ్గా ఉంది. పోలీసులిచ్చిన సర్టిఫికెట్‌లో ఏ మచ్చా లేదు. అతని పాత మేనేజరుకు ఫోన్ చేశాను.

"వాడా? వాడితో పెట్టుకోకండి మేడమ్. స్పీడు పెంచమంటే పెంచడు. వెనక లారీలు హారన్లు కొట్టి చస్తున్నా వాడి నడక వాడిదే. ప్లాస్టర్ స్తంభాలు పగులుతాయని అంటాడు. షూటింగుకు లేటవుతోంది రా బాబూ అంటే, పగిలిన స్తంభంతో షూటింగ్ చేస్తరా సార్ అని నన్నే అడుగుతాడు." ఇలా ఆపకుండా తిట్టాడు. నాకు సూర్యం గారు గుర్తొచ్చి నవ్వుకున్నాను. పిల్లల బస్సుకు ఇంతకన్నా మంచి రిఫరెన్సు ఎక్కడ దొరుకుతుంది?

ఒకటే అర్థం కాలేదు. వ్యాన్ పని పోయాక అతను ఎక్కడా నిలవలేదు. ఒక ఇంట్లో కొన్నాళ్ళు, ఒక అపార్ట్‌మెంట్‌లో కొన్నాళ్ళు, అంతే. ఫోన్ చేస్తే ఎవరూ తిట్టలేదు, పొగడలేదు. "వద్దనుకున్నామండీ" అని పెట్టేశారు.

రెండు రోజులకు విషయం బయటపడింది. స్కూలువాళ్ళు మాకు ఒక ఫార్వర్డ్ పంపి, "ఇతనేనా చూడండి" అన్నారు. పేరెంట్స్ గ్రూపులో తిరుగుతోందట. యాదగిరి ఫోటో. లైసెన్సు మీద ఉన్న మొహమే, ఎర్రబడ్డ కళ్ళు, పెద్ద మీసాలు. ఫోటో కింద "పిల్లల దొంగ" అని ఉంది. ఆ కింద ఎవరో టైపు చేశారు: ఇతను మన ఏరియాలో తిరుగుతున్నాడు, పిల్లలు జాగ్రత్త, అందరికీ పంపండి.

శైలజ నా టేబుల్ దగ్గరికి వచ్చింది. "ఆంటీ, ఈ ప్రొఫైల్ రిజెక్ట్ చేసేద్దాం. రిస్క్ వద్దు."

"పోలీసులు మచ్చ లేదన్నారు కదమ్మా."

"పేరెంట్స్ ఒప్పుకోరు ఆంటీ. నిప్పు లేనిదే పొగ రాదంటారు కదా."

"మన కింది వీధిలో పొగ మెషీన్లు అద్దెకిస్తారు శైలూ. సినిమావాళ్ళ దగ్గర నిప్పు లేకుండానే పొగ వస్తుంది" అన్నాను. మాటకు అన్నాను కానీ నాకూ లోపల బెరుగ్గానే ఉంది. పిల్లల సంగతి. తప్పు జరిగితే దిద్దుకునేది కాదు.

ఆ ఫోటోను మళ్ళీ పెద్దది చేసి చూశాను. యాదగిరి మొహం చూడలేదు, మొహాలు ఎప్పుడూ ఏమీ చెప్పవు. అంచులు చూశాను. ఎడమ అంచున ఇంకో మనిషి మొహం సగానికి తెగి మిగిలింది. ఒక చెవి, కాస్త చెంప, నల్ల ఫ్రేములో ఒక కన్ను. ఆ ఫ్రేము బందుకు ఎర్రదారం చుట్టి ఉంది.

ఆయన పోయి ఏళ్ళు గడిచాయి. ఇలా ఒక దొంగ ఫోటో అంచున నుంచుని నన్ను చూస్తున్నారు.

"శైలూ, ఇటు రా. ఈ సగం మొహం ఎవరిదో చూడు" అన్నాను.

వంగి చూసింది. చేయి నోటికి అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుండిపోయింది. తర్వాత, "డాడీ" అంది.

కారణం చెప్పిన రోజు

యాదగిరిని ఆఫీసుకు పిలిపించాను. సన్నగా, గడ్డం మీసం నున్నగా గీసుకుని ఉన్నాడు. ఫోటోలోని మనిషితో పోలికే లేదు. కారణం చెప్పకూడదన్న సార్ నియమం నాకు గుర్తుంది. కానీ ఆ నియమం నిజం చెప్పినవాణ్ణి కాపాడటానికి పెట్టింది. ఈ ఫార్వర్డ్ వెనక కాపాడాల్సిన మనిషి ఎవడున్నాడు? ఎవడు మొదలుపెట్టాడో ఎవడికీ తెలియదు. ఫోన్ అతని చేతికిచ్చాను.

ముందు నవ్వాడు. "గిది మన సెట్ ఫోటో గదా మేడమ్. ఆర్ట్ డైరెక్టర్ సార్ నిలబెట్టి తీసిండు. గీ మీసాలు జూసి, నువ్వే పిల్లల దొంగవు అన్నడు." తర్వాత కింద రాసింది నెమ్మదిగా చదువుకున్నాడు. మళ్ళీ చదువుకున్నాడు. నవ్వు పోయింది.

"గిది ఎప్పటిసంది తిరుగుతుంది మేడమ్?"

"చాలా రోజుల నుంచే అయ్యుంటుంది యాదగిరీ."

"గందుకేనా." అతను గోడకేసి చూస్తూ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాడు. "బంజారాహిల్స్ల డాక్టరమ్మ మంచిగనే మాట్లాడుతుండె, ఒకనాడు పొద్దుగాల ఇగ రావొద్దన్నది. ఎందుకమ్మా అంటే చెప్పలే. అపార్ట్‌మెంట్ల గూడ గట్లనే. బస్తీల పోరగాండ్లు నన్ను జూస్తే లోపలికి ఉరుకుతుండ్రి. మీసాలు జూసి భయపడుతున్నరేమో అనుకొని మీసాలు తీసేసిన. మా ఇంటామె నవ్వింది, ముసలోనివైతివి అని. మీసాలు తీసినా ఎవ్వలు రానియ్యలే. ఒక్కలన్న చెప్తే గదా మేడమ్, నాకెట్ల ఎరుక."

నాకు ఏడుపు ఆగలేదు. ఎందరికో కాదని చెప్పి పంపాను నేను ఆ కుర్చీలోంచే. వాళ్ళలో ఎవరెవరు ఏమేం గీసుకున్నారో, ఏమేం మార్చుకున్నారో ఆ క్షణాన నాకు తట్టింది.

నేను, శైలజ, యాదగిరి ముగ్గురం కలిసి ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఆఫీసుకు నడిచాం. ఆ ఎత్తు నేను చాలా కాలం తర్వాత ఎక్కాను. అతణ్ణి తిట్టిన మేనేజరు విషయం విని, నోరు మూసుకుని, పాత కంప్యూటర్‌లో వెతికి ఆ సెట్ ఫోటో మొత్తం తీశాడు. పోలీస్ స్టేషన్ గోడ, బోర్డు, దాని మీద వరసగా మొహాలు. పక్కనే లైట్ స్టాండు, మెట్ల నిచ్చెన, టీ గ్లాసులు. ఆ బోర్డులో యాదగిరి పిల్లల దొంగ. అతని పక్కన జేబుదొంగ మా సూర్యం గారు. నవ్వు ఆపుకోలేక బుగ్గలు ఉబ్బించుకుని ఉన్నారు. ఎవరో కుడి ఎడమలు కత్తిరించి, ఆ ఒక్క మొహాన్నీ ఊరి మీదికి వదిలారు.

అది పట్టుకుని స్కూలుకు వెళ్ళాం. మొత్తం ఫోటో చూసి ప్రిన్సిపల్ మేడమ్ ఒప్పుకున్నారు. "నేను నమ్ముతాను ప్రమీల గారూ. కానీ పేరెంట్స్ దగ్గర ఆ మెసేజ్ ఉంది. వాళ్ళు బస్సు ఎక్కించరు. ఈ ఫోటో కూడా గ్రూపులో పెట్టేద్దామా?"

పెట్టేద్దామనే నేనూ అనబోయాను. యాదగిరి వైపు చూసి ఆగాను. "నువ్వేమంటావు?" అన్నాను.

"వద్దు మేడమ్. మల్ల గంతమందికి నా ఫోటో పంపుతరా? గది ఇంకెక్కడెక్కడ పోతదో. పిల్లల అమ్మానాయినలు ఒక్కతాన కూడుతరు గదా, గాడ నేనే నిలబడ్త. ఫోటో ఎందుకు, మనిషిని ఉన్న గదా."

శనివారం పేరెంట్స్ మీటింగులో నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుంటే, అలా వద్దు, దొంగలా ఉందని నేనే ముందుకు పెట్టించాను. జరిగింది జరిగినట్టు అతనే చెప్పాడు. నేను ఆ సెట్ ఫోటో ఎత్తి చూపించి, "ఈ జేబుదొంగ మా యజమాని. నాకు ఉద్యోగమిచ్చి, అన్నం పెట్టిన మనిషి" అని చెప్పాను. శైలజ లేచి, "మా నాన్నగారు" అంది.

వెనక వరసలో ఒకాయన మాత్రం, "అంతా బాగానే ఉందండీ, కానీ ఆ ఫోటోలో మొహం చూస్తే భయం వేస్తోంది" అన్నాడు.

"సార్, భయం ఐతదనే గదా ఆర్ట్ డైరెక్టర్ నన్ను పెట్టిండు" అన్నాడు యాదగిరి.

హాలంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. అయినా ఇద్దరు ముగ్గురు మా పిల్లల్ని మేమే దింపుకుంటామన్నారు. వాళ్ళను తప్పుపట్టను, భయం లాజిక్కు వినదు. మిగతావాళ్ళు ఒప్పుకున్నారు. సోమవారం నుంచి యాదగిరి బస్సు ఎక్కాడు. స్కూలు నుంచి ఆ తర్వాత మాకు వచ్చిన ఫిర్యాదు ఒక్కటే. బస్సు మరీ నెమ్మదిగా పోతోందట.

మిగిలింది

పేరెంట్స్ గ్రూపులోంచి ఆ ఫార్వర్డ్‌ను తీయించాం. పోలీసులకు చెప్పాం. మిగతా ఊరంతా ఎక్కడెక్కడ ఉందో, ఇంకా ఎవరి ఫోన్‌లో నిద్రపోతోందో చెప్పలేను. ఆఫీసు కంప్యూటర్లలో ఉన్న ఆ ఫోటో కాపీలన్నీ శైలజ దగ్గరుండి తీసేయించింది. ఇప్పుడు అక్కడ పని దొరకనివాళ్ళకు, వాళ్ళ మీద ఏదైనా ఆన్‌లైన్‌లో తిరుగుతుంటే, పిలిచి చూపిస్తున్నారు. ఎవరో నమ్మి చెప్పిన మాట అయితే మాత్రం ఇప్పటికీ కడుపులోనే పెట్టుకుంటున్నారు. సార్ ఉంటే ఒప్పుకునేవారనే అనుకుంటున్నాను.

ఇక నా ఫోన్‌లో మిగిలింది ఆ సెట్ ఫోటో ఒక్కటే. అదీ తీసేయాలి. కానీ నా వేలు ఆడలేదు. సూర్యం గారి ఫోటో వాళ్ళింట్లో పెద్దది ఉంది, దండతో, కోటుతో, బిగుసుకుపోయి. అది ఆయన కాదు. జుట్టు చెరుపుకుని, దారం కళ్ళజోడుతో, నవ్వు బిగబట్టిన ఈ జేబుదొంగే మా సార్. నేను రిటైరైన రోజున యాదగిరి స్వీటు ప్యాకెట్టుతో ఆఫీసుకు వస్తే అతణ్ణి అడిగాను, ఈ ఫోటో నేను ఉంచుకోవచ్చా అని. ఇన్నేళ్ళలో వందల మనుషుల ఫోటోలు నా చేతుల మీదుగా పోయాయి. ఉంచుకోనా అని ఒకరిని అడగడం అదే మొదటిసారి.

అతను ఫోన్ తీసుకున్నాడు. మీసాలు మళ్ళీ వచ్చాయి, మునుపటంత పెద్దవి. కొంచెంసేపు చూసి, బొటనవేలితో ఫోటో అంచును పట్టుకుని జరపడం మొదలుపెట్టాడు. పక్కన లైట్ స్టాండు పోయింది, నిచ్చెన పోయింది, పిల్లల దొంగ పోయాడు.

"నన్ను తీసేసిన మేడమ్. సార్‌ను ఉంచిన. జూడుండ్రి."

చూశాను. బాగా కత్తిరించాడు కానీ కుడి అంచున అతని మీసం కొస ఒకటి మిగిలిపోయింది. అదీ తీసేయమని ఇచ్చాను.

"గంత ఉండనియ్యుండ్రి" అన్నాడు. "సార్ పక్కన నిలబడ్డట్టు ఉంటది."

అలాగే ఉంచాను.